దారిలోనే కదా అని పార్సిళ్లు మోశాను: నాగోలు నుంచి రాయదుర్గం దాకా పది వారాలు

2025 జూన్ 16, సోమవారం. ఆఫీసులో మధ్యాహ్నం డబ్బాలు విప్పుకుని కూర్చున్నప్పుడు మా టీమ్‌లో అమ్మాయి తన ఫోన్‌లో ఒక యాప్ చూపించింది. రోజూ ఒకే దారిలో ఆఫీసుకు వెళ్లొచ్చేవాళ్లు తమ దారిలో పడే పార్సిల్ ఒకటి పట్టుకెళ్లి ఇస్తే నలభయ్యో యాభయ్యో వస్తాయట. పంపేవాళ్లూ మామూలు మనుషులే, మోసేవాళ్లూ మామూలు మనుషులే. మధ్యలో యాప్ లెక్క చూసుకుంటుంది.

మేముండేది హైదరాబాద్ నాగోలులో, నా ఉద్యోగం రాయదుర్గంలో. మెట్రో బ్లూ లైన్‌కు ఈ చివర ఇల్లు, ఆ చివర ఆఫీసు. 2025 మేలో చార్జీలు పెరిగాక ఒకవైపు టికెట్ 60 నుంచి 69 అయింది. రానూ పోనూ 138. నెలకు ఇరవై రెండు రోజులు లెక్కేస్తే మూడు వేలు దాటుతుంది. ఎలాగూ వెళ్తున్నదాన్ని, చేతిలో ఒక కవర్ ఉంటే బరువా, టికెట్ డబ్బులైనా గిట్టుబాటవుతాయి కదా అనుకున్నాను.

ఇంకో కారణం కూడా ఉంది. నేను హాస్టల్లో ఉన్న రోజుల్లో మా అమ్మ ఖమ్మం బస్టాండ్‌లో డ్రైవర్ చేతికి పచ్చడి సీసా ఇచ్చి, "ఎల్బీ నగర్‌లో మా అమ్మాయి వచ్చి తీసుకుంటుంది బాబూ" అని చెప్పి పంపేది. బస్సు నంబరు ఫోన్‌లో చెబితే నేను అరగంట ముందే వెళ్లి నిలబడేదాన్ని. తర్వాత 2020లో ఆర్టీసీ వాళ్లే కార్గో పెట్టారు, రసీదులు వచ్చాయి. కానీ ఒక మనిషి చేతిలోంచి ఇంకో మనిషి చేతిలోకి సామాను వెళ్లడమంటే నాకు అప్పటి నుంచీ ఇష్టం. అందుకే ఈ యాప్ మాట వినగానే సంబరంగా అనిపించింది.

ఆ రాత్రే రిజిస్టర్ చేసుకున్నాను. ఆధార్, పాన్, బ్యాంకు ఖాతా వివరాలు, ఒక సెల్ఫీ అడిగారు. వెలుతురు సరిపోలేదని సెల్ఫీ రెండుసార్లు తిప్పి పంపారు. మూడోది పొద్దున బాల్కనీలో తీసి పంపితే తీసుకుంది. ఇరవై నిమిషాల వీడియో, దాని మీద పది ప్రశ్నలు. ఆ తర్వాత 500 రూపాయల డిపాజిట్ కట్టమన్నారు, మానేసినప్పుడు తిరిగి ఇస్తామన్నారు. ఈ సంగతి మొదటి పేజీలో ఎక్కడా లేదు. అప్పటికే అంత శ్రమపడ్డాను కాబట్టి కట్టేశాను. నాలుగు రోజులకు, శుక్రవారం సాయంత్రం, ఖాతా తెరుచుకుంది.

అక్కడ దారి పెట్టుకోవాలి. ఎక్కడ బయల్దేరతారు, ఎక్కడ దిగుతారు, ఏ టైముకు, దారి నుంచి ఎంత దూరం పక్కకు వెళ్లగలరు? ఈ చివరి ప్రశ్నకు నేను ఒక కిలోమీటరు అని పెట్టాను. పెద్ద తప్పు. యాప్ కొలిచేది మ్యాప్ మీద గీత గీసినట్టు. మనం నడిచేది రోడ్డు దాటి, యూ టర్న్ తిరిగి, సందులు వెతుక్కుని. దాని లెక్కలో కిలోమీటరు అంటే నా కాళ్లకు కిలోమీటరున్నర పైనే.

మొదటి పార్సిల్ జూన్ 23, సోమవారం. హబ్సిగూడలో ఒక ఇంట్లో తీసుకుని మాదాపూర్‌లో ఒక ఆఫీసులో ఇవ్వాలి. ఒక ఫైలు, అంతే. 45 రూపాయలు. హబ్సిగూడ నా దారిలో స్టేషనే కదా అని ఒప్పుకున్నాను. అక్కడ దిగి, గేటు బయటికి వచ్చి, ఫైలు తీసుకుని మళ్లీ లోపలికి వెళ్లేటప్పుడు కానీ నాకు తట్టలేదు, బయటికొస్తే ప్రయాణం అక్కడితో తెగిపోతుందని. మళ్లీ కొత్త టికెట్. మాదాపూర్‌లో దిగినప్పుడూ అంతే. రాయదుర్గం దాకా ఇంకో టికెట్. ఒక్క టికెట్‌తో అయిపోవాల్సిన దారి మూడు ముక్కలైంది. ముక్కలు ముక్కలుగా కొంటే మొత్తం కలిపి కొన్నదానికన్నా ఎప్పుడూ ఎక్కువే. ఆ రోజు వచ్చిన 45లో చాలా భాగం అక్కడే పోయింది. మెట్రోలో వెళ్తూ ఇది మొదలుపెట్టాలనుకునేవాళ్లకు నేను ముందుగా చెప్పే మాట ఇదే. మధ్య స్టేషన్లు మీ దారిలో ఉన్నట్టు కనిపిస్తాయి, కానీ గేటు దాటిన క్షణం అవి మీ దారిలో ఉండవు. ఆ వారం చివరికి సెట్టింగ్స్ మార్చేశాను. నాగోలు చుట్టుపక్కల తీసుకోవడం, రాయదుర్గం చుట్టుపక్కల ఇవ్వడం, సాయంత్రం అటు నుంచి ఇటు. మధ్యలో ఏదీ వద్దు. దాంతో పార్సిళ్లు తగ్గాయి కానీ ఊపిరి పీల్చుకున్నాను.

జూలై 3, గురువారం. దేవుడి సామాన్ల దుకాణం నుంచి ఒక అట్టపెట్టె, లోపల ఇత్తడి కుందులు రెండు. యాప్ వాళ్ల స్టిక్కర్ వేసి సీల్ చేసి ఉంది. నాగోలు స్టేషన్‌లో ఎక్స్‌రే మిషన్ మీద పెట్టగానే ఆగిపోయింది. బరువైన లోహం, పొడవుగా, గుండ్రంగా. సెక్యూరిటీ అమ్మాయి మర్యాదగానే అడిగింది: "మేడమ్, ఇది విప్పి చూపించాలి." విప్పితే సీల్ పోతుంది, సీల్ పోతే కోత పడుతుందని వీడియోలో చెప్పారు. "నాది కాదమ్మా, వేరేవాళ్లది, తీసుకెళ్తున్నాను" అన్నాను. అనకూడని మాట అది. ఆ అమ్మాయి ముఖం మారిపోయింది. పై అధికారిని పిలిచింది. నా వెనక లైన్ పెరిగిపోతోంది, అందరూ నా వంకే చూస్తున్నారు. చెమటలు పట్టేశాయి. దుకాణాయనకు ఫోన్ చేస్తే నాలుగోసారి ఎత్తి, "విప్పి చూపించండమ్మా, నాకేం అభ్యంతరం లేదు" అన్నాడు. సీల్ చింపి, పాత పేపర్లు తీసి కుందులు బయట పెట్టాను. అధికారి ఒకదాన్ని తిరగేసి చూసి, "సరే మేడమ్, వెళ్లండి. కానీ వేరేవాళ్ల సామాను ఇట్లా తేకండి" అన్నాడు. ఇరవై ఐదు నిమిషాలు పోయాయి. ఆఫీసుకు నలభై నిమిషాలు ఆలస్యం. సాయంత్రానికి యాప్‌లో 100 కోత కనిపించింది. కారణం: సీల్ తెరవబడింది.

ఇంటికొచ్చి చెబితే అత్తయ్య కంగారుపడిపోయారు. "మీ పార్సిల్‌లో డ్రగ్స్ దొరికాయి" అని ఫోన్లు చేసి డబ్బులు గుంజే మోసాల గురించి టీవీలో చూసి ఆవిడ అప్పటికే భయపడి ఉన్నారు. మా ఎదురింటాయన లాయరు. ఆయన కూర్చోబెట్టి నెమ్మదిగా చెప్పారు. అలాంటిది నిజంగానే ఒకటి నా సంచిలో దొరికితే, 1985 నాటి మాదకద్రవ్యాల చట్టంలో 35, 54 సెక్షన్లు ఉన్నాయి. వస్తువు ఎవరి దగ్గర దొరికిందో వాళ్లకు తెలిసే ఉందని కోర్టు ముందుగా అనుకుంటుంది, తెలియదని రుజువు చేసుకోవాల్సింది ఆ మనిషే. "యాప్‌లో రికార్డు ఉంటుంది కదండీ" అన్నాను. "ఉంటుందమ్మా. అది చూపించుకునేలోపు నువ్వెక్కడుంటావు?" అన్నారు. ఆ రాత్రి నిద్ర పట్టలేదు. ఇంత చిన్న డబ్బు కోసం ఇంత పెద్ద రిస్కు తల మీద పెట్టుకున్నానా అని మనసు పీకుతూనే ఉంది.

మర్నాటి నుంచి ఒక నియమం పెట్టుకున్నాను. నా కళ్లముందు ప్యాక్ చేస్తేనే తీసుకుంటాను. లోపల ఏముందో చూస్తాను, ఫొటో తీస్తాను, అప్పుడు స్టిక్కర్. పదిమందిలో తొమ్మిది మంది నవ్వుతూ చూపించారు. చీర, చార్జర్, పిల్లాడి లెక్కల పుస్తకం, కళ్లజోడు, ఇంటి తాళాలు, ఒకసారి ఒక పెళ్లి ఆల్బమ్. మనుషులు ఒకరికొకరు ఏం పంపుకుంటారో చూస్తుంటే ముచ్చటేసేది. కళ్లజోడు పంపిన ఆమె, "మా నాన్న ఇది లేకుండా పేపర్ చదవలేరండీ, మధ్యాహ్నంలోపు చేరుతుందా?" అని మూడుసార్లు అడిగింది. చేరింది.

జూలై 9న మాత్రం ఒక కుర్రాడు స్టేషన్ పార్కింగ్ దగ్గర నిలబడి అరచేతిలో పట్టేంత పొట్లం ఇచ్చాడు. టేపు చుట్టి చుట్టి ఉంది. విప్పి చూపించమంటే, "గిఫ్ట్ అక్కా, ఓపెన్ చేయను" అన్నాడు. కుదరదన్నాను. "రెండొందలు ఎక్స్‌ట్రా ఇస్తా అక్కా, క్యాష్" అన్నాడు. ఆ రెండొందలు అనేసరికి నా గుండె దడదడలాడింది. 40 రూపాయల పనికి ఎవరైనా రెండొందలు ఎందుకిస్తారు? పొట్లం అతని చేతిలోనే పెట్టి, వెనక్కి తిరిగి చూడకుండా మెట్లెక్కేశాను. రైలెక్కాక కూడా చేతులు వణుకుతూనే ఉన్నాయి. లోపల ఏముందో నాకు తెలియదు, నిజంగా గిఫ్టే అయ్యుండొచ్చు. క్యాన్సిల్ చేసినందుకు 50 కోసుకున్నారు, రేటింగ్ 4.9 నుంచి 4.6కు పడింది. అనుమానాస్పదంగా ఉందని ఫిర్యాదు రాస్తే మూడు రోజుల తర్వాత, "మీ అభిప్రాయానికి ధన్యవాదాలు" అని వచ్చింది. ఆ కుర్రాడి గురించి ఒక్క ముక్క లేదు. ఇప్పటికీ నాకు దాని మీద కోపం తగ్గలేదు.

మా ఆయన ఒకరోజు, రాయదుర్గం స్టేషన్ దగ్గర స్కూటీ పెట్టుకుంటే చివరి కిలోమీటరు తేలికవుతుంది కదా అన్నారు. మంచి ఆలోచనే అనిపించింది. ఎందుకైనా మంచిదని ఇన్సూరెన్స్ కాగితం తీసి చదివాను. కిరాయికీ ప్రతిఫలానికీ వాడితే వర్తించదని అందులో అచ్చేసి ఉంది. నాది తెల్ల నంబర్ ప్లేటు, సొంతానికి వాడుకునే బండి. డబ్బులు తీసుకుని పార్సిల్ మోస్తూ ఎక్కడైనా గుద్దుకుంటే కంపెనీ చేతులెత్తేయొచ్చు. బండి ఆలోచన అంతటితో మానేశాను. నడకే.

ఆ నడకే అసలు సంగతి. జూలై మూడో వారం నుంచి చిన్న నోటుబుక్‌లో నిమిషాలు రాయడం మొదలుపెట్టాను. జూలై 21 నుంచి 25 వరకు ఐదు పార్సిళ్లు, 235 రూపాయలు. రైల్లో గడిపే గంటను లెక్కలోకే తీసుకోలేదు, అది ఎలాగూ నాదే. పార్సిల్ కోసం అదనంగా పట్టిన టైమ్ మాత్రమే రాశాను. నాలుగు గంటల పది నిమిషాలు. అందులో నడక సగమే. మిగతా సగం ఎదురుచూపు. "ఐదు నిమిషాల్లో వస్తున్నా అండీ" అనేవాళ్ల కోసం, ఫోన్ ఎత్తనివాళ్ల కోసం, అపార్ట్‌మెంట్ గేట్ల దగ్గర.

ఆ గేట్ల గురించి చెప్పాలి. పెద్ద పెద్ద టవర్లు. గేటు దగ్గర సెక్యూరిటీ వాళ్ల ట్యాబ్‌లో పేరు, ఫోన్ నంబరు, ఫొటో. పైనున్నవాళ్లు ఒప్పుకుంటేనే లోపలికి. మొదటిసారి వెళ్లినప్పుడు ఎదురుగా ఉన్న లిఫ్ట్ బటన్ నొక్కాను. సెక్యూరిటీ అతను పరుగెత్తుకుంటూ వచ్చి, "అది రెసిడెంట్స్‌ది. డెలివరీ వాళ్లకు వెనక వైపు ఉంది" అన్నాడు. నా మెడలో ఆఫీసు ఐడీ కార్డు వేలాడుతోంది, కాటన్ చీర కట్టుకుని ఉన్నాను. చేతిలో పార్సిల్ ఉంది, అంతే. వెనక వైపు లిఫ్ట్‌లో చెత్త డ్రమ్ము, ఒక నీళ్ల క్యాన్ల అబ్బాయి, నేను. ఆ అబ్బాయి పక్కకు జరిగి నాకు చోటిచ్చాడు. నాకు రోజుకు ఐదు నిమిషాల అవమానం అది. వాళ్లకు పొద్దున్నుంచి రాత్రి దాకా అదే లిఫ్ట్. ఆ రోజు నుంచి మా ఇంటికి డెలివరీకి వచ్చినవాళ్లను మంచినీళ్లు కావాలా అని అడగకుండా పంపలేదు. అందరూ ఒకలా ఉండరు. ఖాజాగూడ వైపు ఒక చిన్న అపార్ట్‌మెంట్‌లో వాచ్‌మన్ తాత మాత్రం, "నిలబడతరేందమ్మా, కూసోండి" అని తన కుర్చీ తుడిచి మరీ ఇచ్చాడు.

ఇక ఆగస్టు 7, గురువారం. మర్నాడు వరలక్ష్మీ వ్రతం, ఎల్లుండి రాఖీ. నాగోలులోనే, మాకు రెండు వీధుల అవతల ఒక పెద్దావిడ. డెబ్బై దాటాయి, మోకాళ్ల నొప్పులతో ప్రయాణం చేయలేదు. ఖాజాగూడలో ఉన్న తమ్ముడికి రాఖీ, ఒక స్టీలు డబ్బాలో గరిజెలు. నేను అడక్కముందే మూత తీసి చూపించి, ఒకటి నా చేతిలో పెట్టింది. "పొద్దుగాల చేసిన బిడ్డా, తిని చూడు" అంది. యాలకుల వాసన వేడివేడిగా తగిలింది. డబ్బాకు తువ్వాలు చుట్టి ముడేసింది. తమ్ముడి ఇంట్లో సాయంత్రం ఆరు దాటాకే ఉంటారట. సరే, ఆఫీసయ్యాక ఇస్తానన్నాను. యాప్ గడువు రాత్రి ఎనిమిది.

ఆ సాయంత్రం వాన హైదరాబాద్‌లో ఉన్నవాళ్లకు గుర్తుండే ఉంటుంది. గచ్చిబౌలి, రాయదుర్గం వైపు రోడ్లు కాలువలయ్యాయి. ఏడింటికి ఆఫీసు మెట్లు దిగి చూస్తే మోకాళ్ల దాకా నీళ్లు, కార్లు ఎక్కడివక్కడే. ఆటో లేదు, క్యాబ్ లేదు. ఎనిమిది దాకా చూశాను. పెద్దావిడకు ఫోన్ చేసి, "అమ్మా, ఇవాళ ఇవ్వలేకపోతున్నానండీ" అంటుంటే నాకు ఏడుపొచ్చింది. ఆవిడ ఒక్క మాట కూడా అనలేదు. "నువ్వు ముందుగాల పైలంగ ఇంటికి పో బిడ్డా. రాఖీ ఎల్లుండి కదా, ఏం కాదు" అంది.

మర్నాడు నాకు వ్రతం, సెలవు పెట్టుకున్నాను. డబ్బా ఆఫీసు డ్రాయర్లో వదిలేస్తే సోమవారం దాకా దొరకదు. అందుకని చేత్తో పట్టుకునే బయల్దేరాను. మెట్రోలో కాలు పెట్టే చోటు లేదు. అమీర్‌పేట దాకా డబ్బాను ఛాతీకి హత్తుకుని నిలబడ్డాను. ఇల్లు చేరేసరికి రాత్రి పదకొండు ఇరవై. తువ్వాలు తడిసింది, లోపల గరిజెలు పొడిగానే ఉన్నాయి. యాప్‌లో అప్పటికే "ఆలస్యం" అని ఎర్రగా కనిపిస్తోంది. డెలివరీ డబ్బు రద్దు, పైన 100 కోత. వాన పడిందని రాయడానికి అక్కడ చోటు లేదు. ఇచ్చిన కారణాల్లో ఒకటి ఎంచుకోవాలి. వాటిలో వాన లేదు.

శుక్రవారం వ్రతం ముగిసేసరికి పదకొండు దాటింది. పట్టుచీర మార్చుకోకుండానే డబ్బా పట్టుకుని మళ్లీ మెట్రో ఎక్కాను. 69 రూపాయలు, ఈసారి పూర్తిగా ఆ పార్సిల్ కోసమే. తలుపు తీసిన పెద్దాయన తువ్వాలు ముడి చూడగానే, "మా అక్క ముడి ఇది" అన్నాడు. వాళ్లింట్లోనూ అప్పుడే వ్రతం ముగిసింది. ఆయన భార్య నన్ను గుమ్మంలో నిలబెట్టలేదు. లోపల కూర్చోబెట్టి, పసుపు రాసి, బొట్టు పెట్టి, తమలపాకులు, నానబెట్టిన శనగలు, అరటిపళ్లతో తాంబూలం ఇచ్చింది. నేను లేవబోతుంటే, "డబ్బా ఖాళీగా పంపకూడదమ్మా" అని కడిగి, నిండా పులిహోర పెట్టి, అదే తువ్వాలుతో ముడేసి నా చేతికిచ్చింది. ఆ డబ్బాను సాయంత్రం నాలుగింటికి నాగోలులో పెద్దావిడకు అందించాను. ఆ తిరుగు ప్రయాణం యాప్‌లో ఎక్కడా లేదు. పది వారాల్లో నాకు బాగా గుర్తున్నది అదే.

తర్వాత ఇంకో మూడు వారాలు చేశాను, కానీ మనసు పెట్టలేకపోయాను. వినాయక చవితి వెళ్లాక ఆగస్టు 29న ఖాతా మూసేయమని రాశాను. నోటుబుక్ చూస్తే మొత్తం 41 పార్సిళ్లు, వచ్చింది 1,925. కోతలు 250, అదనపు టికెట్లకు 160 పోగా 1,515 మిగిలింది. అదనంగా పెట్టిన టైమ్ దాదాపు 31 గంటలు. గంటకు యాభై కూడా పడలేదు. నెలకు మూడు వేల మెట్రో ఖర్చు తీరుతుందని మొదలుపెట్టినదాన్ని, రెండు నెలలకు పైగా మోసి సగం నెల టికెట్ సంపాదించాను.

మా టీమ్ అమ్మాయి ఇంకా చేస్తోంది. తను ఉండేది స్టేషన్‌కు ఆనుకున్న హాస్టల్లో, తీసుకునేవి ఆఫీసు బిల్డింగ్‌లోనే ఇచ్చే పార్సిళ్లు మాత్రమే. తనకు నడక లేదు, గేట్లు లేవు, అందుకే గిట్టుబాటవుతోంది. నన్ను అడిగినవాళ్లకు అదే చెబుతున్నాను: మీరు తీసుకునే చోటు, ఇచ్చే చోటు రెండూ మీ కాళ్లు రోజూ తొక్కే నేల అయితేనే ఒప్పుకోండి. విప్పి చూపించనివాళ్ల దగ్గర ఎంత ఇస్తామన్నా ముట్టుకోకండి. ఆ క్యాన్సిల్ కోతను ఖర్చు కింద రాసుకోండి.

డిపాజిట్ ఏడు పనిరోజుల్లో వస్తుందన్నారు. పదోరోజు అడిగితే "ప్రాసెస్‌లో ఉంది" అన్నారు. పంతొమ్మిదో రోజు, సెప్టెంబర్ 17 సాయంత్రం, ఖాతాలో 450 పడ్డాయి. ఆ 50 దేనికి పట్టుకున్నారని రాశాను. జవాబు ఇంకా రాలేదు.